ప్రకృతినిబట్టి పాపమును నిర్ణయింపవచ్చునా?

ధ్యాన భాగములు: కీర్తన 19, మార్కు 7:14–23, రోమా 11:17–24



మన సంఘములలో పెద్దలు తగవులు తీర్చుటకు కూర్చున్నప్పుడు రెండు మాటలు తరచుగా వినబడును. ఒకటి, "ఇది ప్రకృతి విరుద్ధము" అనునది. రెండవది, "ఏమి చేయుదునయ్యా, నా స్వభావమే అంత" అనునది. మొదటి మాటను ఎదుటివానిమీదికి విసరుదుము. రెండవదానిని మన కొరకు దాచుకొందుము. ఒకే మనుష్యుడు ఒకే సాయంకాలమున ఈ రెండు మాటలును పలుకుట మేము విన్నాము.

ఈ రెండింటికిని వేరు ఒక్కటే. ప్రకృతి ఎట్లు నడచుచున్నదో అదే ధర్మమనియు, దానికి తప్పినది పాపమనియు ఒక నమ్మకము మనలో పాతుకొనియున్నది. ఈ నెల దీనిని వాక్యపు వెలుగులో పరీక్షింపగోరుచున్నాము. ఇది పండితులు పట్టణములలో కూర్చుండి చేయు చర్చ మాత్రమేనని తలంచకుడి. ప్రభువు బల్లయొద్దకు ఎవరు రావచ్చును, ఎవరు గుమ్మము బయట నిలువవలెను అను సంగతి మన పల్లెలలో దీనినిబట్టియే తేలుచున్నది.

మొదట ప్రకృతి పక్షమున చెప్పవలసినది చెప్పుట న్యాయము. పరిశుద్ధ గ్రంథము ప్రకృతిని తృణీకరింపదు. ఆదికాండము మొదటి అధ్యాయములో దేవుడు తాను చేసినదంతయు చూచి చాల మంచిదని తలంచెను. సామెతల గ్రంథము సోమరిని చీమయొద్దకు బడికి పంపుచున్నది. మన ప్రభువు కాకులను, అడవి పువ్వులను చూపి చింత మానుమని బోధించెను. రోమా పత్రిక 2వ అధ్యాయములో పౌలు భక్తుడు, ధర్మశాస్త్రము ఎరుగని అన్యజనులు సహితము స్వభావసిద్ధముగా దానిలోని క్రియలు చేయుట కలదనియు, అది వారి హృదయములయందు వ్రాయబడియున్నదనియు చెప్పుచున్నాడు. 13వ శతాబ్దములో థామసు అక్వైనాసు అను గొప్ప పండితుడు దేవుడు సృష్టిలో పెట్టిన క్రమమును మానవుని బుద్ధి కొంతవరకు గ్రహింపగలదనియు, దానినిబట్టి మేలు కీడులను వివేచింపవచ్చుననియు బోధించెను. ఇది తేలికగా త్రోసివేయదగిన బోధ కాదు. సువార్త ఎన్నడును వినని పల్లెలో కూడ తల్లిని కొట్టినవానిని చూచి జనులు ఛీ అందురు గదా. అయితే అక్వైనాసు మనుష్యునికి దేవుడిచ్చిన బుద్ధిని ఆశ్రయించెనే గాని, అడవిలో జరుగునదంతయు ధర్మమని చెప్పలేదు. పౌలును హృదయమునుగూర్చియు మనస్సాక్షినిగూర్చియు చెప్పెనే గాని చెట్లనుగూర్చియు పశువులనుగూర్చియు చెప్పలేదు.

ఇప్పుడు 19వ కీర్తనను తెరచి నెమ్మదిగా చదువుడి. మొదటి ఆరు వచనములు ఆకాశమునుగూర్చినవి. సూర్యుడు పెండ్లికుమారునివలె బయలువెడలుచున్నాడు. అతని వేడిమికి మరుగైనది ఏదియు లేదు. ఆ ఆకాశము మనకేమి చెప్పుచున్నది? దేవుని మహిమను చెప్పుచున్నది. ఏడవ వచనములో కీర్తనకారుడు మాట మార్చి యెహోవా ధర్మశాస్త్రమును, ఆజ్ఞలను, న్యాయవిధులను వర్ణించుచున్నాడు. అటు తరువాత 12, 13 వచనములలో మాత్రమే తన పొరపాటులు, తనకు తెలియని తప్పులు, తన గర్వపు పాపములు అతనికి జ్ఞాపకము వచ్చుచున్నవి. ఈ వరుసను మనము గమనింపవలెను. సూర్యుని చూచినప్పుడు ఆ భక్తుడు దేవుని స్తుతించెను. ఆజ్ఞను చూచినప్పుడు తన పాపమును ఒప్పుకొనెను. సూర్యుని చూచి పాపమును తెలిసికొంటినని అతడు చెప్పలేదు.

మరియొక సంగతి. పగలు రాత్రులను సూర్యుడు చూపును. నెలను చంద్రుడు చూపును. వానకాలము ఎండకాలములను భూమియే చూపును. ఏడు దినముల వారమును ఏది చూపును? చంద్రుని నెల సుమారు 29 దినములన్నర. దానిని ఏడుతో భాగించిన సరిగా పోదు. ఆకాశములో వారమునకు గురుతు లేదు. ఎద్దు తనంతట తాను ఆరు దినములు దున్ని ఏడవ దినమున కాడి దించుకొనదు. అయినను ద్వితీయోపదేశకాండము 5వ అధ్యాయములో దేవుడు నీ దాసుడును దాసియును ఎద్దును గాడిదయు విశ్రమింపవలెనని ఆజ్ఞాపించెను. కూలివానిని ఏడు దినములును నడుము విరుగ పని చేయించినవాడు పాపము చేయుచున్నాడు. ఆ పాపమును ప్రకృతి వానికి ఎన్నటికిని చెప్పదు. ఆజ్ఞ చెప్పవలసినదే.

ఇంతకును ప్రకృతియొద్దకు వెళ్లి, "అమ్మా, ఏది మంచి, ఏది చెడ్డ?" అని అడిగిన ఏమి జవాబు వచ్చును? మన పెరటిలోని కోడిని చూడుడి. యెరూషలేము కొరకు దుఃఖించినప్పుడు మన ప్రభువు తన ప్రేమకు పోలికగా ఎన్నుకొన్నది కోడినే. పిల్లలను రెక్కల క్రింద చేర్చుకొను ఆ కోడియే ప్రక్క యింటి కోడిపిల్ల గింజల దగ్గరకు వచ్చిన పొడిచి తరుమును. కోకిల కంఠమును మనమందరము మెచ్చుకొందుము. అది తన గుడ్లను కాకి గూటిలో పెట్టి పెంపకపు భారమును కాకిమీద వేసి పోవును. కొండముచ్చుల సంగతి ఇంతకంటె ఘోరము. 1960 తరువాతి యేండ్లలో సుగియామా అను జపాను శాస్త్రజ్ఞుడు ధార్వాడ ప్రాంతపు అడవులలో వాటిని పరిశీలించెను. క్రొత్త మగది ఒక గుంపును గెలుచుకొన్నప్పుడు, అంతకు ముందున్న మగదానికి పుట్టిన పసిపిల్లలు దానివలన చంపబడుట అతడు కనుగొనెను. తరువాత ఇతరులును ఇతర స్థలములలో అట్టివానిని చూచిరి. ఇదియు ప్రకృతియే. మారుటి తండ్రి మొదటి భర్త బిడ్డలకు అన్నము పెట్టక మాడ్చినయెడల, "కొండముచ్చును చూచి నేర్చుకొన్నాను" అని వాడు చెప్పవచ్చునా?

చీమను చూచి కష్టపడుటను నేర్చుకొనుమందుము. కోకిలను చూచి నేర్చుకొనుమని ఎవరును చెప్పరు. ఎందుకు? చీమ మంచిదనియు కోకిల నడత మనకు తగదనియు ముందే మనకు తెలిసియున్నది గనుక. ఆ తెలివి చీమవలన రాలేదు. వేరొక చోటనుండి తెచ్చుకొన్న కొలబద్దతో ప్రకృతిని కొలిచి, నచ్చినది ఏరుకొని, ఆ మీదట ప్రకృతియే మనకు చెప్పెనని సాక్ష్యము పలుకుచున్నాము. ఇందులో మోసపోవుట సులభము. ఆ కొలబద్ద దేవుని వాక్యమైన మేలే. ఊరి ఆచారమైన, లేక మన అసహ్యమే అయినయెడల ఏమగును?

పౌలు భక్తుని మాటలే దీనికి మంచి దృష్టాంతము. కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక 11వ అధ్యాయములో, పురుషుడు తల వెండ్రుకలు పెంచుకొనుట అవమానమని స్వభావమే నేర్పుచున్నది గదా అని ఆయన అడుగుచున్నాడు. మంగలి కత్తి తగలనియెడల పురుషుని వెండ్రుకలును పెరుగుచునే యుండును. ప్రకృతి చేయునది పెంచుటయే. సంసోను జుట్టు దేవుని ఆజ్ఞవలననే పెరిగెను. సమూయేలు తలమీదికి మంగలి కత్తి రానీయనని అతని తల్లి మ్రొక్కుకొనెను. కాబట్టి కొరింథులో స్వభావము అను మాటకు, ఆ పట్టణములో అందరు మర్యాదగా ఎంచిన అలవాటు అనియే అర్థము చెప్పుకొనవలసియున్నది. ఆ మర్యాదను పాటించుట ఆ సంఘమునకు మేలు గనుక పౌలు అట్లు వ్రాసెను. దానిని పట్టుకొని నేడు పొడుగు జుట్టు పెంచుకొన్న యౌవనునికి ప్రభువు బల్ల నిరాకరించిన సంఘము నాజీరైన సమూయేలును కూడ బయటికి పంపవలసివచ్చును.

రోమా పత్రిక 1వ అధ్యాయములో స్వభావ విరుద్ధమైన నడతనుగూర్చి పౌలు కఠినముగా మాటలాడెను. ఆ వచనముల అన్వయమునుగూర్చి భక్తిగల సంఘముల మధ్యనే భేదములున్నవి; ఈ చిన్న పత్రికలో వాటిని తీర్చుట మా పని కాదు. ఒక్కటి మాత్రము చెప్పుదుము. ఆ అధ్యాయములో పాపమునకు మొదలు సృష్టికర్తను విడిచి సృష్టమును పూజించుటయే. చివర నున్న పట్టికలో అసూయ, కొండెములు చెప్పుట, తలిదండ్రులకు అవిధేయత, దయలేమి కూడ చేరియున్నవి. చదువుచు మనము తృప్తిగా తల ఊపుచుండగా 2వ అధ్యాయము మొదటి వచనము ఇతరులకు తీర్పు తీర్చువాని చొక్కా పట్టుకొనును. ఆ వచనము చేరకముందే పుస్తకము మూసివేయుట మన వాడుక.

అదే పత్రిక 11వ అధ్యాయములో పౌలు మరల స్వభావ విరుద్ధము అను ఆ మాటనే వాడెను. గ్రీకులో రెండు చోట్లను ఒకే మాట: పరా ఫ్యూసిన్. ఈసారి స్వభావ విరుద్ధముగా చేసినవాడెవడు? దేవుడే! అడవి ఒలీవ కొమ్మను కోసి మంచి ఒలీవ చెట్టునకు అంటు కట్టినవాడు ఆయనే. మామిడి తోటలలో పని చేసినవారికి ఇది బాగుగా తెలియును. బంగినపల్లి టెంకను నాటిన తల్లిచెట్టు కాయవంటి కాయ వచ్చునన్న నమ్మకము లేదు. అందువలన నాటు మొక్కమీద మంచి చెట్టు కొమ్మను అంటు కట్టుదురు. ఎవరును మంచి చెట్టుమీద అడవి కొమ్మను కట్టరు. దేవుడు అట్లే చేసెననియు, అది స్వభావమునకు విరుద్ధమేననియు పౌలు ఒప్పుకొనుచున్నాడు. అబ్రాహాము వంశములో పుట్టని మనము ఆయన వాగ్దానములో పాలివారమగుట ఈ విధముగానే. ప్రకృతి విరుద్ధమైనదంతయు పాపమైనయెడల మన రక్షణ ఏమగును? మన పల్లెలలో గుడి గంట మ్రోగుటయే ప్రకృతి విరుద్ధము.

ఇక రెండవ మాటకు వత్తము: "నా స్వభావమే అంత." పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదని మన పెద్దల సామెత. సారా త్రాగువాడు తన తండ్రి త్రాగెనని చెప్పును. భార్యను కొట్టువాడు తనది వేడి రక్తమనును. కోపము, మోహము, లోభము మనకు స్వాభావికములే, కాదనము. ఎఫెసీయులకు వ్రాసిన పత్రికలో మనమందరము స్వభావసిద్ధముగా ఉగ్రతకు పాత్రులమైయుంటిమని చెప్పబడియున్నది. స్వాభావికమైనంత మాత్రమున అది నిర్దోషమని ఆ పత్రిక చెప్పలేదు, సరికదా అక్కడనే మన దోషమును చూపినది. యెహెజ్కేలు 36వ అధ్యాయములో రాతి గుండెను తీసివేసి మాంసపు గుండెను ఇత్తునని దేవుడు వాగ్దానము చేసెను. పుడకల వరకు ఆగనక్కరలేదు.

కొందరు ఇంకొక విధముగా వాదించుదురు. త్రాగినవాని కాలేయము చెడును గదా, ప్రకృతియే పాపిని శిక్షించుచున్నది గదా అందురు. అది మంచి హెచ్చరికయే. కాని లంచము తిన్నవానికి కడుపు నొప్పి రాదు. తప్పుడు తూకము వేసినవాని చేయి పడిపోదు. అబద్ధ సాక్ష్యము చెప్పి పొలము కాజేసినవాని చేనుమీద వాన మానదు. మన ప్రభువే చెప్పినట్లు దేవుడు మంచివారికిని చెడ్డవారికిని ఎండవానలను సమముగా ఇచ్చుచున్నాడు. త్రాగుబోతు పాపము వాని కాలేయములో కంటె అన్నము లేక నిద్రించిన వాని బిడ్డల కంచములో బాగుగా కనబడును.

ప్రకృతి వైపరీత్యములను చూచి పాపులెవరని వెదకుటయు ఇటువంటిదే. 1934 జనవరి 15న బీహారులో గొప్ప భూకంపము వచ్చెను. అది అంటరానితనము అను పాపమునకు దేవుడు పంపిన శిక్ష అని గాంధీగారు చెప్పిరి. రవీంద్రనాథ్ ఠాగూరుగారు దానిని ఒప్పుకొనక, భౌతికమైన విపత్తులకు భౌతికమైన కారణములే ఉండునని బదులు వ్రాసిరి. అంటరానితనమును గాంధీగారు పాపమనుట సత్యము. అయితే భూమి కంపించినందున అది పాపము కాలేదు. భూమి కంపింపకపోయినను అది పాపమే. ఆ భూకంపములో అంటరానివారును చనిపోయిరి గదా. 1977 నవంబరు 19న దివిసీమమీదికి ఉప్పెన వచ్చి వేలకొలది ప్రాణములు పోయెను. గుడిసెలలో నున్న పేదలను, పసిబిడ్డలను సముద్రము కొట్టుకొనిపోయెను. వారి పాపము ఎక్కువ అని ఎవరు చెప్పగలరు? సిలోయము గోపురము పడి చచ్చిన 18 మందినిగూర్చి ప్రభువు అడిగిన ప్రశ్న ఇదియే. వారు ఇతరులకంటె పాపులని మీరు తలంచుచున్నారా అని అడిగి, కారని తానే జవాబిచ్చి, వినుచున్నవారినే మారుమనస్సునకు పిలిచెను.

చరిత్ర చూచినప్పుడు మాకు ఎక్కువ భయము కలుగుచున్నది. క్రీస్తు పూర్వము 4వ శతాబ్దములో అరిస్టాటిలు అను గ్రీకు తత్వవేత్త కొందరు మనుష్యులు స్వభావముచేతనే దాసులని వ్రాసెను. సుమారు 1900 యేండ్ల తరువాత, 1550, 1551 సంవత్సరములలో, స్పెయిను దేశపు వయ్యదోలీదు పట్టణములో ఒక గొప్ప వాదము జరిగెను. అమెరికా ఖండపు ఆదివాసులు స్వభావముచేతనే దాసులు గనుక వారిని యుద్ధముతో లోబరచుట న్యాయమని సెపుల్వేద అను పండితుడు అరిస్టాటిలును ఆధారము చేసికొని వాదించెను. లాస్ కాసాసు అను బిషపు ఆ ప్రజల పక్షమున నిలిచి వారు దేవుడు చేసిన మనుష్యులని ఎదురు వాదించెను. ఇద్దరును క్రైస్తవులే. ఒకరు ప్రకృతి అనుకొన్నదానిని పట్టుకొనిరి. రెండవవారు ఆ జనుల బాధలను కన్నులార చూచియుండిరి.

మన తాతల కాలములో జర్మనీలో కొందరు సంఘస్థులు రక్తము, జాతి దేవుడు సృష్టిలో పెట్టిన క్రమములేననిరి. ఆ పేరున 1933లో యూదుల సంతతివారైన పాదిరులను తీసివేయుటకు సంఘ నియమము కూడ చేసిరి. 1934 మే నెలలో బార్మెను పట్టణములో కూడిన విశ్వాసులు దానికి ఎదురు నిలిచిరి. మనము విని లోబడవలసిన దేవుని వాక్యము యేసుక్రీస్తు ఒక్కడేయని వారు ఒప్పుకోలు ప్రకటించిరి. ఆ ఒప్పుకోలును వ్రాయుటలో ముఖ్యుడైన కార్లు బార్తు అదే సంవత్సరము తన మిత్రుడైన ఎమిలు బ్రున్నరుతో ప్రకృతి, కృపలనుగూర్చి గట్టిగా వాదించి, ఆయనకు ఇచ్చిన జవాబు పుస్తకమునకు 'కాదు!' అనియే పేరు పెట్టెను. సెమినరీలో ఈ వాదము విన్నప్పుడు ఇది పండితుల కోపమని అనిపించును. ఆ యేడు ఆ దేశములో ఏమి జరుగుచుండెనో తెలిసినప్పుడు ఆ 'కాదు' ఎందుకు అంత పెద్ద అక్షరములతో పలుకబడెనో అర్థమగును.

స్పెయినువరకు, జర్మనీవరకు పోనేల? మన తాతముత్తాతలను ఊరి వెలుపల నుంచిన మాట ఏది? పుట్టుక. వారు దొంగిలింపలేదు, నరహత్య చేయలేదు. పుట్టుకతోనే మైలపడినవారని చెప్పి బావి గట్టు ఎక్కనీయలేదు. కులము ప్రకృతి నియమమనిరి. వేపచెట్టుకు మామిడికాయ కాయదు గదా అని దృష్టాంతము చెప్పిరి. సంఘము సహితము ఈ మాటకు చాల కాలము లొంగియుండెను. దక్షిణ దేశపు కొన్ని సంఘములలో ఒక్కొక్క కులమువారు వేరుగా కూర్చుండి, ప్రభు భోజనమును కూడ వేరు వేరుగా తీసికొనుచుండిరి. 1833లో కలకత్తా బిషపు డానియేలు విల్సను సంఘములో ఈ భేదమును వెంటనే సంపూర్ణముగా విడిచిపెట్టవలెనని ఉత్తరువు పంపగా, దానిని సహింపక విడిచిపోయినవారు అనేకులు. ప్రకృతి అని పేరు పెట్టినదానిని వదలుట క్రైస్తవునికి కూడ ఇంత కష్టము.

ఇక, ఈ వ్యాసమునకు కారణమైన సంగతిని చెప్పుదుము. సహోదరులు ముఖము ప్రక్కకు త్రిప్పుకొనక చదువవలెనని కోరుచున్నాము.

మా పాస్టరేటులో నెలకొక్కసారి, మొదటి ఆదివారమున, ప్రభువు బల్ల ఆచరించుదుము. ఆ దినమున నెలసరిలో నున్న స్త్రీలు అనేకులు గుడికి రారు. వచ్చినను వెనుక వరుసలో గుమ్మము దగ్గర కూర్చుండి బల్ల తీసికొనకయే వెళ్లిపోవుదురు. రావద్దని సంఘము శాసింపలేదు. అయినను తల్లి కుమార్తెకు, అత్త కోడలికి నేర్పుచున్నది. ఒక మొదటి ఆదివారమునుండి మరియొక మొదటి ఆదివారమునకు 28 దినములైనను ఉండును, 35 దినములైనను ఉండును. 28 దినములే అయినప్పుడు ఆ స్త్రీ వరుసగా రెండు మూడు నెలలు బల్లకు దూరమగును. బాప్తిస్మము పొంది నూతనముగా సంఘములో చేరిన ఒక చిన్నది ఈ విధముగా మూడు నెలలు రాలేదు. ఆమె విశ్వాసము చల్లారెనేమోయని పెద్దలు మాతో చెప్పిరి. విచారింపగా సంగతి ఇది.

ఆమె అమ్మమ్మ మంచి ప్రార్థనాపరురాలు. "అది ప్రకృతి నియమము అయ్యగారూ. మైల మైలే. అటువంటప్పుడు ప్రభువు బల్లను ముట్టుకొంటే పాపము కాదా?" అని ఆమె అడిగెను. భక్తితోనే అడిగెను. లేవీయకాండము 15వ అధ్యాయమును కూడ ఎవరో ఆమెకు చదివి వినిపించియుండిరి. ఆ అధ్యాయములో పురుషునికిని అటువంటి అపవిత్రత చెప్పబడియున్నదని మేము చూపించితిమి. దానినిబట్టి పురుషుడెవడును బల్లకు రాక మానినట్లు మా యెరుకలో లేదు! ఆ అధ్యాయములోని అపవిత్రత ఆలయ సేవకు సంబంధించిన ఆచారము. నెలసరి వచ్చుట దోషమని అక్కడ చెప్పబడలేదు. ఏ స్త్రీయు తన యిష్టముచేత దానిని తెచ్చుకొనదు. దేవుడు ఆదియందు చేసి మంచిదని చెప్పిన దేహపు క్రమమే అది. అది లేనియెడల మనలో ఎవరమును పుట్టియుండము.

తరువాత మార్కు సువార్త 5వ అధ్యాయము చదివితిమి. 12 యేండ్లు రక్తస్రావముతో బాధపడిన స్త్రీ జనసమూహములో వెనుకనుండి వచ్చి ప్రభువు వస్త్రమును ముట్టెను. ధర్మశాస్త్రపు లెక్క ప్రకారము ఆమె ముట్టినవాడు మైలపడవలెను. జరిగినది వేరు. ఆయన మైల ఆమెకు అంటలేదు, ఆమె మైల ఆయనకు అంటలేదు. ఆయన స్వస్థతయే ఆమెకు అంటెను. ఆమె రహస్యముగా వెళ్లిపోవుటకు ఆయన ఒప్పుకొనలేదు. అందరియెదుట ఆమెను కుమారీ అని పిలిచి, ఆమె విశ్వాసమును మెచ్చి, సమాధానముతో పంపెను. పండ్రెండు యేండ్లుగా బాధపడినదానికి ఆ పిలుపు ఎట్లుండెనో మా తల్లులే మాకు చెప్పవలెను.

7వ అధ్యాయములో ఆయన దీనిని ఇంకను స్పష్టపరచెను. వెలుపలనుండి లోపలికి పోవునది మనుష్యుని అపవిత్రపరచదు. హృదయములోనుండి బయలువెళ్లునదే అపవిత్రపరచును. తరువాత ఆయన చెప్పిన పట్టికను చూడుడి: దొంగతనము, నరహత్య, వ్యభిచారము, లోభము, మోసము, మత్సరము, దేవదూషణ, అహంభావము. ఇందులో దేహము తనంతట తాను చేయునది ఒక్కటియు లేదు. అన్నియు మనుష్యుడు దేవునికో పొరుగువానికో చేయు అన్యాయములే. పాపమునకు మన ప్రభువు పెట్టిన గిరి ఇది. దీనిని చెరిపి ప్రకృతి పేరున మనము వేరొక గిరి గీయరాదు.

అంతట మేము ఆ వృద్ధురాలిని ఒక మాట అడిగితిమి. "అమ్మా, మీ చిన్నతనములో ఊరి బావి దగ్గర మీరు కుండ దించితే ఏమనేవారు?" ఆమె కొంత సేపు ఊరకుండి, "మైల పడుతుందనేవారు" అనెను. "ఎందుకు? మీరేమి పాపము చేసిరి?" అని అడిగితిమి. "ఏమీ లేదు. పుట్టుక అంతే అనేవారు." ఆ మీదట మేమేమియు చెప్పలేదు. ఆమెయు మా మాట ఒప్పుకొంటినని చెప్పలేదు. డెబ్బది యేండ్లుగా దేహములో పట్టుకొనియున్న భయము ఒక సాయంకాలపు బోధతో పోవుననుకొనుట బోధకుని గర్వమే. మనుమరాలు గడపలో కూర్చుండి మా మాటలన్నియు వినుచుండెను.

పుట్టుకనుబట్టి దోషము ఎంచు ఈ అలవాటు ఒక్క స్త్రీల విషయముననే కాదు. ఎడమచేతివాటముగల బిడ్డను బడిలోను ఇంటిలోను కొట్టుదురు. ఏహూదు ఎడమచేతివాటముగలవాడే, దేవుడు ఆ చేతితోనే ఇశ్రాయేలును విడిపించెను. బిడ్డలు లేని సహోదరిని శుభకార్యములకు ముందు నిలువనీయరు. పుట్టు గ్రుడ్డివానిని చూచి, వీడు పాపము చేసెనా, వీని కన్నవారు చేసిరా అని శిష్యులు అడుగగా, ప్రభువు ఇద్దరును కారనెను. తల్లి గర్భమునుండి నపుంసకులుగా పుట్టినవారును కలరని మత్తయి 19వ అధ్యాయములో ఆయన చెప్పెను. వారిని ఒక్క మాటతోనైన నిందింపలేదు. ద్వితీయోపదేశకాండము 23వ అధ్యాయము నపుంసకుని సమాజములో చేర్చుకొనలేదు. యెషయా 56వ అధ్యాయములో దేవుడే, తాను ఎండిన చెట్టునని అతడు అనుకొనరాదనియు, కుమారులు కుమార్తెలకంటె శ్రేష్ఠమైన పేరును తన యింటిలో అతనికి ఇత్తుననియు సెలవిచ్చుచున్నాడు. ఐతియొపీయుడైన నపుంసకుడు రథములో చదువుచుండిన చుట్ట ఆ యెషయా గ్రంథమే. తనకు బాప్తిస్మమిచ్చుటకు ఆటంకమేమని అతడు అడుగగా, ఫిలిప్పు అతని పుట్టుకనుగూర్చియు దేహమునుగూర్చియు విచారణ చేయలేదు. ఇద్దరును నీళ్లలోనికి దిగిరి.

రోమా 8వ అధ్యాయములో సృష్టి యావత్తును ప్రసవవేదనపడుచు మూల్గుచున్నదని పౌలు వ్రాసెను. మనకు తీర్పు తీర్చుటకు మనము పీటమీద కూర్చుండబెట్టిన ప్రకృతి మనతో కూడ విమోచన కొరకు కనిపెట్టుచున్నది.

వచ్చే మొదటి ఆదివారమున అన్ని గ్రామములలోను ప్రభువు బల్ల ఉండును. ఈ భాగమును స్త్రీల సమాజ కూడికలలో ముందుగా చదివి వినిపించవలెనని బైబిలు స్త్రీలను కోరుచున్నాము. చదువురానివారికి మార్కు 5వ అధ్యాయమును రెండుసార్లు నెమ్మదిగా చదువవలెను. ఎవరినిగాని బలవంతముగా బల్లయొద్దకు తీసికొని రావద్దు. ఎవరినిగాని, ఏ దినమున వచ్చితివని అడుగవద్దు. పురుషులు తమ పొరుగువానితో సమాధానపడి రావలెనను పాత హెచ్చరిక మాత్రము ఎప్పటివలెనే యున్నది. చెరువు నీటి తగవులో నున్న రెండు కుటుంబములవారు శనివారము సాయంకాలము మా యింటికి రావలెను.